ఒకే తరగతి.. నాలుగు చాపలు

శామీర్‌పేట:

మూడో తరగతి పిల్లవాడి చేతికి తెలుగు వాచకం ఇస్తే గడగడ చదివేస్తాడు. ఇంట్లోవాళ్లు మురిసిపోతారు. కాని పుస్తకం మూసి, అదే పాఠంలో నడుమ ఉన్న ఒక వాక్యాన్ని పలక మీద రాసి చూపితే చాలామంది పిల్లలు దిక్కులు చూస్తారు. అప్పటిదాకా వారు చేసింది చదవడం కాదు, చెవినబడ్డ పాఠాన్ని ఒప్పజెప్పడం. ఈ తేడా కనిపెట్టడానికి ఒక పలక, ఒక బలపం, పిల్లవాడి పక్కన పది నిమిషాలు కూర్చునే ఓపిక ఉంటే చాలు. బడిలో దొరకనిది ఆ పది నిమిషాలే.

దొరకకపోవడానికి కారణం లేకపోలేదు. విద్యాహక్కు చట్టం ప్రకారం 60 మంది వరకు పిల్లలున్న ప్రాథమిక పాఠశాలకు ఇద్దరు ఉపాధ్యాయులు. తరగతులు మాత్రం అయిదు. ఒకరు సెలవు పెట్టినా, సమావేశానికి వెళ్లినా మిగిలినవారే అయిదు తరగతులనూ చూసుకోవాలి. అలాంటి బడికి కొన్ని వారాలపాటు మరో మనిషి వస్తే అది చిన్న విషయం కాదు. ఆ వచ్చే మనిషే ఛాత్రోపాధ్యాయురాలు, ఊరివాళ్ల మాటలో చెప్పాలంటే ‘ట్రైనింగు టీచరమ్మ’.

నేరేడ్‌మెట్‌లోని ప్రభుత్వ జిల్లా విద్యా శిక్షణ సంస్థ, అంటే డైట్‌లోనూ, ప్రైవేటు శిక్షణ కళాశాలల్లోనూ రెండేళ్ల డి.ఎల్.ఇడి. కోర్సు చదివేవారు ఆ చదువులో భాగంగా బడిలో పనిచేసి తీరాలి. పూర్వం దీనినే టి.టి.సి. అనేవారు. జాతీయ ఉపాధ్యాయ విద్యామండలి 2014లో తెచ్చిన నిబంధనలు ఈ బడి పనికి 20 వారాలు కేటాయించాయి. జీతం ఉండదు. మహిళలకు ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఉచిత ప్రయాణం 2023 డిసెంబరు 9 నుంచి మొదలయింది కనుక దారి ఖర్చు మాత్రం తగ్గింది.

అక్షరాలకు దూరమైన ఏడాదిన్నర

రాష్ట్రంలో చిన్న తరగతుల పిల్లల చదువు ఎక్కడ ఉన్నదో ‘అసర్’ సర్వే చెబుతున్నది. ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ 2005 నుంచి దేశంలోని పల్లెల్లో ఈ సర్వే జరుపుతున్నది. సర్వే చేసేవారు బడికి కాక ఇంటికి వెళ్లి, పిల్లవాడి చేతికి ఒక కాగితం ఇచ్చి చదివిస్తారు. చాలా జిల్లాల్లో ఈ పనికి తిరిగేది డైట్ విద్యార్థులే. తెలంగాణ పల్లెల్లో మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవారు 2018లో నూటికి 18 మంది. 2022లో నూటికి అయిదుగురు. ఆంధ్రప్రదేశ్‌లోనూ ఆ నాలుగేళ్లలో 22 నుంచి 10కి పడిపోయింది.

మధ్యలో వచ్చింది కరోనా. 2020 మార్చిలో మూతపడిన బడులు చిన్న తరగతులకు మళ్లీ తెరుచుకున్నది 2021 సెప్టెంబరు 1న. అక్షరాలు దిద్దవలసిన వయసులో ఏడాదిన్నర పోయింది. అయితే తప్పంతా కరోనాదే అనడం న్యాయం కాదు. 2018 నాటికే నూటికి 82 మంది చదవలేని స్థితిలో ఉన్నారు.

ప్రభుత్వం ఊరుకోలేదు. కేంద్రం 2021 జూలైలో ‘నిపుణ్ భారత్’ ప్రారంభించింది. మూడో తరగతి పూర్తయ్యేసరికి ప్రతి పిల్లా నిమిషానికి 60 పదాలు అర్థం చేసుకుంటూ చదవాలన్నది దాని లక్ష్యాలలో ఒకటి. రాష్ట్రం 2022 ఆగస్టు 15న ‘తొలిమెట్టు’ పేరుతో ప్రాథమిక తరగతులకు కార్యక్రమం పెట్టింది. ఉత్తర్వులు వచ్చాయి, పుస్తకాలు వచ్చాయి. అయినా ఒక్కొక్క పిల్లవాడి నోట చదివించుకుని వినే పని ఉత్తర్వుతో అయ్యేది కాదు.

ఒక లెక్క చూడండి. తరగతిలో 24 మంది ఉన్నారనుకుందాం. పీరియడు 40 నిమిషాలు. టీచరు పాఠం చెప్పకుండా కేవలం చదివించుకుంటూ పోయినా ఒక్కొక్కరికి వచ్చేది నిమిషం నలభై సెకన్లు. ఒకరు చదువుతుంటే మిగిలిన 23 మంది కిటికీలోంచి చూస్తుంటారు. అదే అయిదుగురిని ఒక చాప మీద కూర్చోబెట్టి పావుగంట చదివిస్తే ఒక్కొక్కరికి మూడు నిమిషాలు దక్కుతుంది. పక్కవాడు ఎక్కడ తడబడ్డాడో మిగతా నలుగురికీ వినబడుతుంది కూడా.

ఊరి పేరే ప్రశ్నపత్రం

చిన్న జట్లు కట్టాలంటే ముందు ఎవరికి ఎంత వచ్చో తెలియాలి. మేడ్చల్ వైపో శామీర్‌పేట వైపో ఒక బడికి ఛాత్రోపాధ్యాయురాలు వచ్చారనుకుందాం. మొదటి రెండు మూడు రోజులు ఆమె పాఠం చెప్పడం కన్నా వినడం ముఖ్యం. ఒక్కొక్కరిని వరండాలోకి పిలిచి, పక్కన కూర్చోబెట్టుకుని చదివించాలి. అందరి ఎదుట నిలబెట్టి చదివిస్తే వచ్చింది కూడా రాకుండా పోతుంది.

దీనికి అచ్చు వేసిన కాగితమే కావాలని లేదు. చుట్టుపక్కల ఊళ్ల పేర్లు చాలు. కీసర, బాబాగూడ చదవడానికి గుణింతం వస్తే సరిపోతుంది. బొమ్మరాసిపేటలో మకారం కింద ఒత్తు ఉన్నది. ఉద్దెమర్రిలో రెండు చోట్ల ఒత్తులు. ఇక మేడ్చల్ చూడండి. డకారం కింద చ ఒత్తు, చివర పొల్లు. పెద్దలు రోజూ పలికే పేరే, బస్సు బోర్డు మీద రోజూ కనిపించే పేరే, చిన్నపిల్లవాడికి మాత్రం అది ఎక్కలేని గుట్ట. ఏ పేరు దగ్గర ఆగాడో చూస్తే వాడిని ఎక్కడ కూర్చోబెట్టాలో తేలిపోతుంది.

ఇలా విన్నాక 24 మందిలో అయిదుగురికి అక్షరాలే పూర్తిగా రావని తేలవచ్చు. మ, య ఒకటే అనుకునేవారు, ప చూసి వ అనేవారు వీరిలో ఉంటారు. ఎనిమిది మందికి అక్షరాలు వచ్చినా గుణింతం దగ్గర తికమక. ఏడుగురు పదాలు చదువుతారు కాని ఒత్తు వస్తే ఆగుతారు, వాక్యం చివరికి వచ్చేసరికి మొదలు మరిచిపోతారు. నలుగురు కథ చదివి తమ మాటల్లో చెప్పగలరు. అందరికీ ఒకే వాచకం, ఒకే రోజు ఒకే పాఠం. అయిదుగురికి అది అందదు, నలుగురికి విసుగు.

వినేటప్పుడు చెవి కూడా సరైనదై ఉండాలి. అచ్చులో ‘వెళ్ళాడు’ అని ఉంటే ‘పోయిండు’ అని చదివే పిల్ల ఉంటుంది. ‘మబ్బు’ అని ఉంటే ‘మొగులు’ అంటుంది. కొత్త టీచరు తప్పు కింద గీత గీస్తారు. నిజానికి ఆ పిల్ల అర్థం చేసుకుని, తన ఇంటి మాటలో చెప్పింది. అక్షరం మీద చూపు నిలపడం నేర్పవలసి ఉన్నది, నిజమే. కాని ఆ పిల్లను అక్షరాలు రానివారి చాప మీదికి పంపడం అన్యాయం. అంతకన్నా వెనుకబడి ఉండేది తడబడకుండా ‘వెళ్ళాడు’ అని చదివి, ఎవరు వెళ్ళారంటే చెప్పలేని పిల్లవాడు.

మేడ్చల్ చుట్టూ ఫ్యాక్టరీలు ఉన్నాయి కనుక ఇంకొక చిక్కు ఉన్నది. పనికోసం వేరే రాష్ట్రాల నుంచి వచ్చిన కుటుంబాల పిల్లలు బడిలో ఉంటారు. ఇంట్లో హిందీయో ఒడియాయో మాట్లాడేవారు, లంబాడీ, ఉర్దూ మాట్లాడేవారు ఉంటారు. తెలుగు మాట తెలియని పిల్ల, అక్షరం తెలియని పిల్ల ఒకటి కాదు. సొంత రాష్ట్రంలో రెండో తరగతి దాకా హిందీ చదివి వచ్చిన పిల్లకు చదవడం అంటే ఏమిటో తెలుసు, తెలియనిది తెలుగు. ఆమెకు ముందు మాటలు కావాలి, తెలుగు మాట్లాడే పిల్లల పక్కన చోటు కావాలి. పైగా 2022-23 విద్యాసంవత్సరం నుంచి ప్రభుత్వ బడుల్లో ఇంగ్లీషు మీడియం వచ్చింది, పుస్తకాలు రెండు భాషల్లో ఉన్నాయి. ఏ ఒక్క భాషలోనూ వాక్యం కూడదీయలేని పిల్లకు రెండు లిపులు ఒకేసారి ఎదురవుతున్నాయి.

చాప మీద ఏం జరుగుతుంది?

గదిలో నాలుగు చాపలు పరుస్తారు. అక్షరాలు రానివారి దగ్గర ఛాత్రోపాధ్యాయురాలు కూర్చుంటారు. వీరికి అ, ఆలతో మొదలుపెట్టవలసిన పని లేదు. పిల్ల తన పేరులోని అక్షరంతో మొదలుపెడితే త్వరగా పట్టుకుంటుంది. పళ్లెంలో ఇసుక పోసి వేలితో రాయించడం పాతకాలపు పద్ధతే అయినా ఇప్పటికీ పనికివస్తుంది. రెండో చాప మీద గుణింతపు చీటీలు. కాకి, కోడి, మేక, గీత వంటి మాటలను చీటీలు కలిపి తయారు చేయడం, జతగాడు సరిచూడడం. మూడో చాప మీద నాలుగైదు వాక్యాల చిన్న కథ పెద్ద అక్షరాలతో ఉంటుంది. ఒకరు చదువుతుంటే మరొకరు వేలు పెట్టి చూస్తారు. నాలుగో చాపవారికి బడి లైబ్రరీ పుస్తకం. చదివి, తరగతిని అడగడానికి రెండు ప్రశ్నలు రాసుకుని రావాలి.

పావుగంట కాగానే ఆమె రెండో చాపకు మారుతారు. మొదటి చాపవారు రాసుకుంటూ ఉంటారు. వినడానికి సులువుగానే ఉన్నది. చేస్తే తెలుస్తుంది. మొదటి వారంలో గది సంతలా ఉంటుంది. చీటీలు చింపుకుంటారు, చాప కోసం కొట్లాడుకుంటారు. దారినపోయే పెద్దమనిషి కిటికీలోంచి చూసి ‘ఏం చదువో ఏమో, కింద కూర్చుని ఆటలాడిస్తున్నరు’ అనుకుంటూ పోతాడు. టీచరు నిలబడి బోర్డు మీద రాస్తేనే చదువు అన్న అభిప్రాయం మన ఊళ్లలో గట్టిగా పాతుకుపోయి ఉన్నది. ప్రతి చాపకూ చేతినిండా పని ముందుగా సిద్ధం చేసిపెడితే తప్ప ఈ గోల తగ్గదు. ఆ సిద్ధం చేయడమంతా రాత్రిపూట ఇంటి దగ్గరే.

జట్లకు పేర్లు పెట్టడంలో కొందరు తెలివి చూపుతారు. గులాబీ, మల్లె, బంతి, చామంతి అంటారు. బంతి జట్టు అంటే చదువు రానివారని పిల్లలు రెండు రోజుల్లో కనిపెట్టేస్తారు. ఆటస్థలంలో ఆ పేరే తిట్టుగా మారుతుంది. దీనికి మందు పేర్లు మార్చడం కాదు, మనుషులను మార్చడం. రెండు వారాలకొకసారి మళ్లీ చదివించి చూసి, గుణింతం వచ్చినవాడిని వెంటనే తరువాతి చాపకు పంపాలి. ఈ జట్లు చదివే ఆ గంటకే పరిమితం కావాలి. లెక్కల్లో, ఆటల్లో, భోజనం దగ్గర అందరూ కలిసిపోవాలి. ఏడాది పొడుగునా అదే చాప మీద అదే పిల్ల కూర్చుంటే అది మూలన కూర్చోబెట్టడమే అవుతుంది.

నాలుగో చాప పిల్లలకు జరిగే నష్టం గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. బాగా చదివే పిల్లను రోజూ చిన్న టీచరును చేసి మిగతావారికి చెప్పించడం సులువైన దారి. వారానికి ఒకటి రెండుసార్లయితే ఆ పిల్లకూ మంచిదే. రోజూ అయితే తన చదువు అక్కడే ఆగుతుంది. ‘మా బిడ్డ బడికి పోయేది చదువుకోనీకా, చెప్పనీకా?’ అని అడిగే తల్లి మాటలో న్యాయం ఉన్నది.

రెండు వందల ఏళ్ల కింద కూడా

ఇదంతా కొత్తగా విదేశాల నుంచి దిగిన పద్ధతి అనుకునేవారికి ఒక సంగతి. 1823లో బళ్ళారి జిల్లా కలెక్టరు ఎ.డి.క్యాంప్‌బెల్ తన జిల్లాలోని తెలుగు, కన్నడ వీధిబడులను గురించి మద్రాసు ప్రభుత్వానికి నివేదిక రాశాడు. పిల్లలను వారికి వచ్చినదాన్నిబట్టి జట్లుగా, సాధారణంగా నాలుగు జట్లుగా చేస్తారని, కింది జట్లను కొంతవరకు పెద్దపిల్లలు చూసుకుంటారని, పై జట్లను పంతులు స్వయంగా చూస్తూ బడి మొత్తం మీద కన్నువేసి ఉంచుతాడని, పిల్లవాడు తన ప్రగతినిబట్టి పై జట్టుకు పోతాడని అందులో ఉన్నది. వేలితో ఇసుకలో రాయించడం గురించీ రాశాడు. అర్థం తెలియకుండా పద్యాలు వల్లెవేయిస్తారని తప్పుపట్టాడు కూడా. ధరంపాల్ 1983లో ప్రచురించిన పుస్తకంలో ఈ నివేదిక మొత్తం ఉన్నది. ఆ బడుల్లో ఏ కులాల పిల్లలకు చోటుండేది, ఆడపిల్లలు ఎందరు అన్నది వేరే కథ, అది అంత గొప్పగా చెప్పుకోదగినది కాదు. గమనించవలసిన మరో సంగతి ఉన్నది. అక్కడ పంతులు పై జట్టు దగ్గర, కింది జట్టు పెద్దపిల్లల దగ్గర. ఇప్పుడు కావలసింది దానికి తలకిందులు.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1989 నుంచి 1996 వరకు బ్రిటిష్ ప్రభుత్వ సాయంతో నడిచిన ప్రాథమిక విద్యా పథకం (ఎ.పి.పి.ఇ.పి.) ఉపాధ్యాయులకు నేర్పిన ఆరు సూత్రాల్లో జట్లుగా పని చేయించడం, పిల్లల మధ్య తేడాలను పట్టించుకోవడం రెండూ ఉన్నాయి. ఆ కాలంలో శిక్షణ పొందిన ఉపాధ్యాయులు రిటైరయ్యారు, అవుతున్నారు. రాయలసీమలో మదనపల్లె దగ్గర రిషివ్యాలీ సంస్థ చుట్టుపక్కల పల్లెల్లో నడిపిన చిన్న బడులు దీన్ని ఇంకా ముందుకు తీసుకుపోయాయి. వై.ఎ.పద్మనాభరావు, రమ దంపతులు పాఠాలను చిన్నచిన్న కార్డులుగా విడగొట్టి నిచ్చెన మెట్లలా అమర్చారు. ఏ పిల్ల ఏ మెట్టు మీద ఉంటే ఆ మెట్టు కార్డు తీసుకుని తగిన జట్టులో కూర్చుంటుంది. టీచరు సాయం పూర్తిగా కావలసినవారు ఒక జట్టు, తోటివారి సాయం చాలినవారు మరొక జట్టు, సొంతంగా చేసుకునేవారు ఇంకొక జట్టు. 1995లో కర్ణాటకలోని హెగ్గడదేవనకోటెలో మొదలైన ‘నలి-కలి’కి మూలం ఇదే. మనవాళ్లు తయారు చేసిన పద్ధతిని పక్క రాష్ట్రం సర్కారు బడులన్నింటికీ పాకించింది.

ఉత్తరప్రదేశ్‌లోని జౌన్‌పూర్ జిల్లా కథ ఛాత్రోపాధ్యాయులకు ధైర్యం ఇచ్చేది. 2005-06లో ప్రథమ్ అక్కడి ఊరి యువకులకే కొద్ది రోజుల శిక్షణ ఇచ్చి చదివించే శిబిరాలు పెట్టించింది. అక్షరం రాని పిల్లల్లో శిబిరానికి వచ్చినవారు అక్షరాలు నేర్చారు. కాని శిబిరం బడి బయట పెట్టడం వల్ల వచ్చిన పిల్లలే తక్కువ. ఈ పరిశీలన చేసినవారిలో ఉన్న అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లోలకు 2019లో, మైకేల్ క్రెమర్‌తో కలిపి, అర్థశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. వయసునుబట్టి కాక వచ్చినదాన్నిబట్టి కూర్చోబెట్టి చదివిస్తే పిల్లలు ముందుకు వస్తారన్నది వారు పదేపదే చూపిన విషయాల్లో ఒకటి.

రికార్డు ఒకవైపు, చివరి చాప ఒకవైపు

ఇంత తెలిసినా ఛాత్రోపాధ్యాయురాలు ఆ చాప మీద ఎంతసేపు కూర్చోగలరు అన్నది అసలు ప్రశ్న. ఆమెకూ పరీక్షలు ఉన్నాయి. పాఠ్య పథకాలు రాయాలి, చార్టులు తయారు చేయాలి, రికార్డులు దిద్దించుకోవాలి. పరిశీలించడానికి లెక్చరర్ వచ్చిన రోజున తరగతి కళకళలాడాలి. ఆ రోజు చేతులెత్తేది నాలుగో చాప పిల్లలు. వారిని అడిగి, వారిచేత చెప్పించి, పాఠం ముగిస్తే మార్కులు వస్తాయి. మూలన అయిదుగురి దగ్గర కూర్చుని ‘మ’కూ ‘య’కూ తేడా చెప్పడం చూసేవారికి పాఠంలా కనిపించదు. చెరువు నీళ్లు తూము దగ్గరి మడికి ముందు పారతాయి, ఆయకట్టు చివరి మడికి వచ్చేసరికి సన్నబడతాయి. బడిలో టీచరు పొద్దు కూడా అలాగే పారుతున్నది. శిక్షణ కళాశాలలు మార్కులు వేసేటప్పుడు ఒక్కరోజు మాదిరి పాఠాన్ని కాక, వచ్చిన రోజున ఏ పిల్ల ఎక్కడ ఉన్నది, వెళ్లే రోజున ఎక్కడ ఉన్నది అని అడిగితే ఈ తీరు కొంత మారుతుంది.

శామీర్‌పేట మండలానికి పెద్ద చదువులు కొత్త కాదు. 1998లో ఏర్పడిన నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం ఇక్కడే ఉన్నది. జవహర్‌నగర్ వైపు 2008లో బిట్స్ పిలానీ వచ్చింది. తుర్కపల్లి దగ్గర జీనోమ్ వ్యాలీలో దేశదేశాలకు పోయే టీకాలు తయారవుతున్నాయి. అంతాయిపల్లిలో 2022 నుంచి జిల్లా కలెక్టరేటు ఉన్నది. ఆ గేట్ల మీది పేర్లు చదవగలిగితే చాలునన్న స్థితిలో చుట్టుపక్కల పిల్లలు కొందరు ఉండడం గమనార్హం.

ఛాత్రోపాధ్యాయులు ఇప్పుడు మునుపటికన్నా పట్టుదలగా చదువుతున్నారంటే కారణం ఉన్నది. ప్రాథమిక తరగతులకు బి.ఇడి. వారు అర్హులు కారని 2023 ఆగస్టు 11న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. 2024 డీఎస్సీలో ప్రకటించిన 11,062 పోస్టుల్లో 6,508 ఎస్.జి.టి. పోస్టులు. ఈ రోజు చాప పరిచిన అమ్మాయే రేపు ఏదో ఊరికి పర్మనెంటు టీచరుగా వెళ్లవచ్చు.

కాని ఈ ఊరికి ఆమె మళ్లీ రారు. వారాలు పూర్తికాగానే సంతకాలు పెట్టించుకుని వెళ్లిపోతారు. మొదటి చాప మీది అయిదుగురిలో ఇద్దరు గుణింతానికి వచ్చి ఉంటారు, ఇద్దరు అక్షరాల దగ్గరే ఉంటారు. ఒకరు నెల రోజులుగా బడికే వచ్చి ఉండరు. ఎవరు ఏ అక్షరం దగ్గర ఆగారో ఆమె నోటుబుక్కులో తేదీలతో సహా రాసి ఉంటుంది. ఆ పుస్తకం తరగతి టీచరు చేతికి వెళ్తే, పొద్దున ఒక్క పావుగంట అదే చాప మీద కూర్చుంటే, పని కొనసాగుతుంది. కళాశాలకు అప్పగించవలసిన రికార్డుల కట్టలో అదీ కలిసి వెళ్లిపోతే, వచ్చే ఏడు మరొక ఛాత్రోపాధ్యాయురాలు వచ్చి మళ్లీ మొదటినుంచి వరండాలో కూర్చోబెట్టి చదివించుకోవాలి. ఆ పిల్లలు అప్పటికి నాలుగో తరగతి.

బడుల్లో 2024 నుంచి అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు ఉన్నాయి. మహిళా సంఘం అధ్యక్షురాలే వాటికి చైర్‌పర్సన్, ప్రధానోపాధ్యాయులు కన్వీనరు. సున్నం, కుళాయి, మరుగుదొడ్డి పనుల లెక్కలు అక్కడ చూస్తున్నారు. ఆ నోటుబుక్కు ఎక్కడ ఉన్నదని కూడా తల్లులు అక్కడ అడగవచ్చు.